మూడు రకాల కంప్యూటర్లు, ఒకటే సర్వర్: వెబ్‌సైట్ ఫైళ్ళు ఎక్కించడానికి ఎవరికి ఏ సాఫ్ట్‌వేర్?

మా సాహిత్య మాసపత్రిక వెబ్‌సైట్‌ని ముగ్గురం చూసుకుంటాం. విజయనగరంలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు ప్రూఫులు దిద్దిన పీడీఎఫ్‌లు ఎక్కిస్తారు. ఆయనది విండోస్. డల్లాస్‌లో ఉండే మా బావగారు కవర్ పేజీలు, ఫొటోలు చూస్తారు. ఆయనది మ్యాక్. హనుమకొండలో కూర్చుని థీమూ కోడూ చూసుకునే నాది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. సర్వర్ మాత్రం ఒక్కటే, లినక్స్.

ఇలాంటి పరిస్థితిలో అందరికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పమంటే ఫైల్‌జిల్లా అని చెప్పేసి ఊరుకోవచ్చు. మూడింటిలోనూ నడుస్తుంది, డబ్బులు అక్కర్లేదు. నేను మాత్రం అలా చెప్పను. ఎవరి కంప్యూటర్‌లో ఏది హాయిగా ఉంటుందో వాళ్ళని అదే వాడనివ్వండి. అందరికీ తప్పకుండా ఉండాల్సినవి మూడే: పాస్‌వర్డ్ బయటపడని కనెక్షన్, ఫైళ్ళకి పేర్లు పెట్టే తీరు, ఏదైనా తుడిచే ముందు జాబితా చూసుకునే అలవాటు. ఈ మూడూ కుదిరితే సాఫ్ట్‌వేర్ ఏదైనా పని నడిచిపోతుంది.

ముందు కనెక్షన్ సంగతి

ఫైళ్ళని నెట్‌వర్క్ మీద పంపే ఎఫ్‌టీపీ అనే పద్ధతి చాలా పాతది. దాని మొదటి రూపాన్ని 1971లో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్‌లో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్ళినాయన. ఆ రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే కాబట్టి పాస్‌వర్డ్‌ని దాచాల్సిన అవసరం ఎవరికీ తట్టలేదు. అందుకే మామూలు ఎఫ్‌టీపీలో మీ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది. హోటల్ వైఫైలో కూర్చుని మధ్యలో వినేవాడు దాన్ని హాయిగా చదువుకోవచ్చు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని బ్రౌజర్ నుంచి తీసేశాయి.

ఇప్పుడు వాడాల్సినవి రెండు. మొదటిది ఎస్‌ఎఫ్‌టీపీ. పేరులో ఎఫ్‌టీపీ ఉన్నా దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి గుట్టుగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది, పోర్టు (సర్వర్‌లోకి వెళ్ళే ద్వారం నంబరు) 22. రెండోది ఎఫ్‌టీపీఎస్: పాత ఎఫ్‌టీపీకే టీఎల్‌ఎస్ అనే రహస్య లిపి తొడుగు వేసినది, మామూలుగా పోర్టు 21. వీలున్న చోటల్లా ఎస్‌ఎఫ్‌టీపీయే ఎంచుకోండి. ఒకే పోర్టు మీద అంతా జరిగిపోతుంది కాబట్టి రౌటర్లు, ఫైర్‌వాల్‌లతో పేచీ తక్కువ.

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే చోట, ఒక మెలిక ఉంది. దీన్ని ముందే తెలుసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్ళు ఇచ్చే నిర్వహణ పేజీ) మీరు అదనంగా సృష్టించే ఎఫ్‌టీపీ అకౌంట్లకి ఎస్‌ఎఫ్‌టీపీ పని చెయ్యదు. అది ప్రధాన అకౌంట్‌కి మాత్రమే. కానీ ఆ అదనపు అకౌంట్లని ఒక్క ఫోల్డర్‌కే పరిమితం చెయ్యొచ్చు. మాస్టారికి నేను చేసింది అదే: పీడీఎఫ్‌ల ఫోల్డర్ తప్ప ఇంకేమీ కనబడని ఎఫ్‌టీపీఎస్ అకౌంట్ ఒకటి ఇచ్చాను. బావగారూ నేనూ పాస్‌వర్డ్ బదులు కీ (కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి లాంటి ఫైలు) పెట్టుకుని ఎస్‌ఎఫ్‌టీపీలో వెళ్తాం. ఒకే సైటుకి రెండు పద్ధతులు వాడటంలో తప్పేమీ లేదు.

ఎఫ్‌టీపీఎస్‌ని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా పిలుస్తుంది, కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. ఫైల్‌జిల్లాలో ప్రోటోకాల్‌గా ఎఫ్‌టీపీ ఎంచుకుని, ఎన్‌క్రిప్షన్ దగ్గర "రిక్వయిర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్" పెట్టాలి. "ఉంటే వాడు" అనే అర్థం వచ్చే ఆప్షన్ పక్కనే ఉంటుంది, అది వద్దు. టీఎల్‌ఎస్ దొరక్కపోతే మళ్ళీ పాత పద్ధతికి జారిపోయే వీలు దానిలో ఉంది. విండోస్ వాళ్ళు వాడే విన్‌ఎస్‌సీపీలో "టీఎల్‌ఎస్/ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్‌ప్లిసిట్ ఎన్‌క్రిప్షన్". మ్యాక్ వాళ్ళు ఎక్కువగా వాడే సైబర్‌డక్‌లో మొదటి లిస్టులోనే "ఎఫ్‌టీపీ-ఎస్‌ఎస్‌ఎల్". మూడూ ఒకటే.

మాస్టారు ఒకసారి ఫోన్ చేసి, "అమ్మా, లాగిన్ అయ్యానంటోంది గానీ లోపల ఏమీ కనిపించట్లేదమ్మా" అన్నారు. "పాస్‌వర్డ్ తప్పు కాదండీ మాస్టారూ, మీరేం మార్చకండి" అన్నాను. ఎఫ్‌టీపీలో లాగిన్‌కి ఒక దారి, ఫైళ్ళ జాబితాకి ఇంకో దారి. లాగిన్ అయ్యి జాబితా రాకపోతే ఆ రెండో దారి మూసుకుపోయిందని అర్థం. సెట్టింగ్స్‌లో పాసివ్ మోడ్ ఉందో లేదో చూడండి. అది ఉన్నా రాకపోతే, పాసివ్ పోర్టులు ఫైర్‌వాల్‌లో తెరిచారా అని హోస్టింగ్ వాళ్ళని అడగండి. సర్టిఫికెట్ పేరు సరిపోలేదని హెచ్చరిక వస్తే, మీ సైటు పేరు బదులు హోస్టింగ్ వాళ్ళు ఇచ్చిన సర్వర్ పేరు వేసి చూడండి. షేర్డ్ హోస్టింగ్‌లో చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

ఎస్‌ఎఫ్‌టీపీలో మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ వేలిముద్ర (దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరస) ఒకటి చూపించి నమ్మమంటావా అని అడుగుతుంది. మొదటిసారి హోస్టింగ్ ప్యానెల్‌లో ఉన్నదానితో పోల్చి ఒప్పుకోండి. ఆ తర్వాత ఎప్పుడైనా "వేలిముద్ర మారింది" అంటే ఆగిపోండి. సర్వర్ మార్చారేమో కనుక్కున్నాకే ముందుకి వెళ్ళండి.

ఫైల్‌జిల్లా

2001లో టిమ్ కోస్సే, ఇద్దరు క్లాస్‌మేట్లు కలిసి కాలేజీ క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఎడమ పక్క మీ కంప్యూటర్, కుడి పక్క సర్వర్, కింద క్యూ. ఎవరికైనా పది నిమిషాల్లో నేర్పించొచ్చు, ఫోన్‌లో కూడా. దీనికున్న పెద్ద బలం అదే. మూడు సిస్టమ్‌లలోనూ ఒకే రూపం, ఒకే మెనూ కాబట్టి "ఫైల్ మెనూలో సైట్ మేనేజర్ నొక్కండి" అంటే డల్లాస్‌లోనూ విజయనగరంలోనూ అదే తెరుచుకుంటుంది.

పైన ఉండే క్విక్ కనెక్ట్ గళ్ళ జోలికి వెళ్ళకండి. సైట్ మేనేజర్‌లో సైటుకి ఒక ఎంట్రీ పెట్టి, ప్రోటోకాల్ మీరే ఎంచుకోండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో మీ కంప్యూటర్ ఫోల్డర్‌నీ, సర్వర్ ఫోల్డర్‌నీ జతచేసి, సింక్రనైజ్డ్ బ్రౌజింగ్ టిక్కు పెట్టండి. అప్పుడు ఇటు ఫోల్డర్ మారితే అటు కూడా మారుతుంది. జనవరి సంచిక పీడీఎఫ్ ఫిబ్రవరి ఫోల్డర్‌లో పడే ప్రమాదం దాదాపు పోతుంది.

రెండు వైపులా ఏ ఫైళ్ళు తేడాగా ఉన్నాయో రంగుల్లో చూపించే డైరెక్టరీ కంపారిజన్ కూడా ఉంది. తేదీని బట్టి పోల్చాలంటే ముందు ట్రాన్స్‌ఫర్ మెనూలో తేదీలు అలాగే ఉంచే ఆప్షన్ పెట్టుకోవాలి. లేకపోతే ఎక్కించిన ప్రతి ఫైలుకీ ఎక్కించిన సమయమే తేదీ అవుతుంది, పోలిక అర్థం లేకుండా పోతుంది. సైజుని బట్టి పోల్చితే ఆ గొడవ లేదు, కానీ అక్షరం మార్చి అక్షరం పెట్టిన సవరణ దానికి అందదు.

ఇక నచ్చనివి. అధికారిక సైటులో పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ బటన్‌తో వచ్చే విండోస్ ఇన్‌స్టాలర్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌ల ఆఫర్లు కలిసి ఉండటం ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదు. అదనపు డౌన్‌లోడ్ ఆప్షన్ల పేజీకి వెళ్ళి తీసుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివి నెక్స్ట్ నొక్కండి. ఉబుంటులో ఈ గొడవే లేదు, సాఫ్ట్‌వేర్ సెంటర్ నుంచి వచ్చేస్తుంది. రెండోది పాస్‌వర్డ్‌లు. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకుండా సేవ్ చేస్తే అవి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో బేస్64 రూపంలో ఉంటాయి. చూడటానికి గజిబిజిగా ఉంటుంది గానీ, తాళం వేసి చెవిని తలుపుకే వేలాడదీసినట్టు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. కంప్యూటర్‌లోకి చొరబడ్డ వైరస్‌లు వెతికే ఫైళ్ళలో అదొకటి. సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ కింద పాస్‌వర్డ్స్ అని ఉంటుంది, అక్కడ మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టండి.

ఇంకో లోటు: ఇది మనిషి ఎదురుగా కూర్చుంటేనే పని చేస్తుంది. రాత్రి పన్నెండుకి దానంతట అది బ్యాకప్ తీసుకోవడం లాంటివి దీనితో కావు.

విండోస్ మాత్రమే ఉంటే విన్‌ఎస్‌సీపీ

మాస్టారికి నేను ఇచ్చింది ఇదే. 2000లో మార్టిన్ ప్రిక్రిల్ అనే చెక్ ప్రోగ్రామర్ మొదలుపెట్టారు, ఇప్పటికీ విండోస్‌కే ఉంది. సొంత సైటు నుంచి ఉచితం. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్నదానికి డబ్బులు కట్టాలి, అది ప్రాజెక్టుకి మద్దతు అనుకోండి.

పెద్ద ఫైళ్ళ విషయంలో దీని పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీలో 100 కేబీ దాటిన ఫైలుని మొదట తాత్కాలికంగా "ఫైల్‌పార్ట్" అనే తోక తగిలించిన పేరుతో ఎక్కించి, మొత్తం చేరాకే అసలు పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాఠకుడికి సగం ఫొటో కనబడదు, కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలవుతుంది. కరెంటు కోతల ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

రెండు వైపుల ఫైళ్ళనీ ఒకేలా చేసే సింక్రనైజ్ బటన్ దీని గుండెకాయ. దిశ అడుగుతుంది: ఇటు నుంచి అటా, అటు నుంచి ఇటా, రెండు వైపులా. కింద రెండు టిక్కులు ఉంటాయి. డిలీట్ ఫైల్స్ అనేది తీసి ఉంచండి, ప్రివ్యూ ఛేంజెస్ అనేది పెట్టి ఉంచండి. అప్పుడు ఏ ఫైలు ఎక్కుతుందో, ఏది మారుతుందో జాబితా వస్తుంది, వద్దనుకున్నవాటికి టిక్కు తీసెయ్యొచ్చు. మాస్టారు ఆ జాబితాని ప్రూఫు దిద్దినంత శ్రద్ధగా చదువుతారు. ఆయన చదివాక నేను మళ్ళీ చూడనక్కర్లేదు.

కోడు రాసేవాళ్ళకి "కీప్ రిమోట్ డైరెక్టరీ అప్ టు డేట్" ఉంది. మీ ఫోల్డర్‌లో ఫైలు సేవ్ చెయ్యగానే సర్వర్‌కి వెళ్ళిపోతుంది. టెస్టు సైటు మీద అద్భుతం. అసలు సైటు మీద వాడొద్దు, సగం టైపు చేసిన పీహెచ్‌పీ లైన్ సేవ్ అయినా సైటు తెల్లగా అయిపోతుంది. స్క్రిప్టులు కూడా రాసుకోవచ్చు, వాటిని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగిస్తే రాత్రిపూట పని దానంతటదే జరుగుతుంది. ఫైల్‌జిల్లా నుంచి మారేవాళ్ళు సైట్లు మళ్ళీ టైపు చెయ్యనక్కర్లేదు, ఇంపోర్ట్ ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీ ఇస్తే దాన్ని పీపీకే రూపంలోకి మార్చుకుంటానని అదే అడుగుతుంది, సరే అనండి.

మీది కాని విండోస్ కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యలేని పరిస్థితి వస్తే, విండోస్‌లోనే ఉండే కమాండ్ కిటికీ పవర్‌షెల్ తెరవండి. విండోస్ 10లో 2018 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వస్తోంది కాబట్టి ఎస్‌ఎఫ్‌టీపీ కమాండ్ చాలావరకు అక్కడే ఉంటుంది. పుట్, గెట్ అనే రెండు మాటలతో అత్యవసరం గట్టెక్కుతుంది.

మ్యాక్ వాళ్ళకి

ఫైండర్‌లో "కనెక్ట్ టు సర్వర్" ఉంది కదా అంటారు బావగారు. దానిలో ఎఫ్‌టీపీ చదవడానికే, ఎక్కించడానికి కాదు. ఎస్‌ఎఫ్‌టీపీ అసలే లేదు. కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్ తప్పదు.

సైబర్‌డక్ ఉచితం, మ్యాక్‌కీ విండోస్‌కీ ఉంది. లినక్స్‌లో మాత్రం కమాండ్ లైన్ రూపమే. దీనిలో రెండు గళ్ళు ఉండవు, సర్వర్ ఒక్కటే కిటికీలో కనిపిస్తుంది, ఫైండర్ నుంచి లాగి పడెయ్యాలి. ఫైల్‌జిల్లా అలవాటైనవాళ్ళకి మొదట చెయ్యి విరిగినట్టే ఉంటుంది. కానీ పాస్‌వర్డ్‌లు మ్యాక్ కీచైన్‌లో దాస్తుంది, అమెజాన్ ఎస్3, గూగుల్ డ్రైవ్ లాంటివాటిలోకీ వెళ్తుంది. విరాళం అడిగే కిటికీ అప్పుడప్పుడూ వస్తుంది, చికాకు పడకండి. రోజంతా ఇదే పని చేసే డిజైనర్ అయితే డబ్బులు పెట్టి ప్యానిక్ కంపెనీ వాళ్ళ ట్రాన్స్‌మిట్ కొనుక్కోవచ్చు. రెండు గళ్ళు, మంచి సింక్, చూడముచ్చటైన రూపం. మ్యాక్‌కి మాత్రమే. బావగారు నెలకి రెండు మూడు సార్లు ఫొటోలు ఎక్కిస్తారు, ఆయనకి సైబర్‌డక్ చాలు అన్నాను. ఆయన ట్రాన్స్‌మిటే కొన్నారు.

లినక్స్ వాళ్ళకి

చిన్న పనులకి ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఉబుంటు ఫైల్స్‌లో అయినా, కేడీఈ డాల్ఫిన్‌లో అయినా అడ్రసు గడిలో ఎస్‌ఎఫ్‌టీపీ అని మొదలుపెట్టి సర్వర్ పేరు రాస్తే ఇంట్లో ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది.

పెద్ద పనులకి కమాండ్‌తో నడిచే ఆర్‌సింక్. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ చేసిన ఈ చిన్న ప్రోగ్రామ్‌కి నేటికీ సాటి లేదు. మారిన ఫైళ్ళనే, వాటిలోనూ మారిన ముక్కలనే పంపుతుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న మా పాత సంచికల ఫోల్డర్ మొత్తాన్ని మాటిమాటికీ ఎక్కించాలంటే మౌస్‌తో నడిపే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా చుక్కలు కనబడతాయి. ఆర్‌సింక్ మాత్రం మారనివాటిని దాటేసుకుంటూ పోతుంది. రెండు జాగ్రత్తలు చాలా ముఖ్యం. ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలి ఫైళ్ళు వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్ళి అక్కడ ఇంకో ఫోల్డర్ లోపల కూర్చుంటుంది. డిలీట్ ఆప్షన్ వాడే ముందు ప్రతిసారీ డ్రై-రన్ (ఏదీ నిజంగా మార్చకుండా ఏం చేస్తుందో చూపించేది) పెట్టి నడిపి, ఏం తుడుస్తానంటోందో చదవండి. పాఠకులు పంపిన ఫొటోలు సర్వర్‌లో మాత్రమే ఉంటే, మీ దగ్గర లేవు కాబట్టి అవి అనవసరం అనుకుని తుడిచేస్తుంది.

ఆర్‌సింక్‌కి సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ షెల్, అంటే కమాండ్లు నడిపే అనుమతి, ఉండాలి. హోస్టింగ్ వాళ్ళు అది ఇవ్వకపోతే ఎల్ఎఫ్‌టీపీ అనే ప్రోగ్రామ్‌లో మిర్రర్ కమాండ్ ఉంది, దాన్ని రివర్స్ ఆప్షన్‌తో వాడితే ఎక్కించే పని చేస్తుంది. విండోస్‌లో ఆర్‌సింక్ కావాలంటే, విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోవచ్చు.

ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని తగాదాలు

ఇక్కడే ఎక్కువ సమయం పోతుంది. మామూలుగా విండోస్‌కీ మ్యాక్‌కీ ఫైలు పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేదు. లినక్స్‌కి ఉంది. పెద్ద అక్షరాల జేపీజీ తోకతో కెమెరా ఇచ్చిన ఫొటో మీ కంప్యూటర్‌లో చక్కగా కనబడి, సర్వర్ మీద మాయమవుతుంది. ఫైలు ఎక్కలేదేమో అని మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూ కూర్చుంటారు జనం.

తెలుగు పేర్లతో ఇంకా చిత్రమైన సంగతి ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం పక్కన కింది గుర్తు కలిపి రెండు ముక్కలుగా. తెరమీద తేడా కనబడదు. మ్యాక్ పాత ఫార్మాట్ అయిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు దాన్ని విడగొట్టి రెండు ముక్కలుగా దాస్తాయి. అలాంటి డిస్కు మీదున్న "హైదరాబాద్" అనే ఫొటోని లినక్స్ సర్వర్‌కి ఎక్కించి, విండోస్‌లో టైపు చేసిన "హైదరాబాద్" లింకుతో పిలిస్తే దొరకదు. రెండూ వేర్వేరు పేర్లు మరి! "వరంగల్" అన్న పేరుకి ఈ బాధ లేదు, దానిలో ఐత్వం లేదు కాబట్టి. 2017 నుంచి వచ్చిన కొత్త ఫార్మాట్ ఏపీఎఫ్‌ఎస్ డిస్కులు పేరుని ఇచ్చినట్టే ఉంచుతాయి, కానీ పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు ఇంకా ఇళ్ళలో ఉన్నాయి. ఆర్‌సింక్ మూడో వెర్షన్‌లో దీన్ని సరిచేసే ఐకాన్వ్ ఆప్షన్ ఉంది.

అంత దూరం పోనక్కర్లేకుండా మా పత్రికలో ఒక నియమం పెట్టుకున్నాం: సర్వర్‌కి వెళ్ళే ఫైలు పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే. తెలుగు పేజీలో తెలుగు ఉంటుంది, ఫైలు పేరులో అక్కర్లేదు. మాస్టారు మొదట నొచ్చుకున్నారు. లింకు కాపీ చేస్తే ఒక్క "క" అక్షరం తొమ్మిది గుర్తులుగా మారి వాట్సాప్‌లో బారెడు తోకలా వేలాడుతుందని చూపించాక ఒప్పుకున్నారు.

చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు కనబడకపోవడం మరొకటి. సర్వర్‌కి దారులు చెప్పే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలు లేకుండా సైటు తరలించి, లోపలి పేజీలన్నీ 404 అంటున్నాయని బెంగపడేవాళ్ళు ఎంతోమంది. ఫైల్‌జిల్లాలో సర్వర్ మెనూలో "ఫోర్స్ షోయింగ్ హిడెన్ ఫైల్స్", విన్‌ఎస్‌సీపీలో కంట్రోల్, ఆల్ట్, హెచ్ కలిపి నొక్కాలి, సైబర్‌డక్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. దీనికి ఎదురు సమస్య సిస్టమ్ తన అవసరానికి సృష్టించుకుని, మన ఫైళ్ళతో పాటు ఎక్కిపోయేవి: మ్యాక్ డీఎస్ స్టోర్, విండోస్ థంబ్స్ డీబీ. ఫిల్టర్లలో ఈ రెండు పేర్లు ఒకసారి రాసేస్తే చాలు.

పర్మిషన్లలో (ఫైలుని ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అంకెలు) గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే: ఫైళ్ళకి 644, ఫోల్డర్లకి 755. ఎవరైనా 777 పెట్టమంటే వినకండి, అది అందరికీ మార్చే హక్కు ఇచ్చేస్తుంది. ఎఫ్‌టీపీలో ట్రాన్స్‌ఫర్ టైపు బైనరీగా పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్ లాంటి వేల చిన్న ఫైళ్ళున్న ఫోల్డర్‌ని విడివిడిగా ఎక్కించకండి, జిప్ చేసి ఒక్క ఫైలుగా పంపి, సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో విప్పుకోండి. గంటల పని నిమిషాల్లో తేలుతుంది.

మీకు ఏది కుదురుతుందో తేల్చుకోవాలంటే

రివ్యూలు చదివేకంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. టెస్టు ఫోల్డర్‌లో ఒక పెద్ద పీడీఎఫ్, ఓ రెండొందల చిన్న ఫొటోలు, చుక్కతో మొదలయ్యే ఫైలు ఒకటి, ఐత్వం ఉన్న తెలుగు పేరుతో ఒకటి వెయ్యండి. ఎక్కిస్తూ ఉండగా మధ్యలో వైఫై ఆపి, మళ్ళీ పెట్టండి. ఆగిన చోటు నుంచి అందుకుందా? ఎక్కనివి ఏవో విడిగా చూపించిందా? ఒక ఫొటో మార్చి మళ్ళీ సింక్ చేస్తే ఆ ఒక్కదాన్నే పంపిందా? తుడిచే ముందు అడిగిందా? దాన్ని రోజూ వాడబోయే మనిషి చేతే ఈ పరీక్ష చేయించండి, మీరు చెయ్యకండి. ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

చివరగా, ముగ్గురికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టకండి. కీ వాడేవాళ్ళలో ఎవరి కీ వాళ్ళకి, మిగతావాళ్ళలో ఎవరి అకౌంట్ వాళ్ళకి. ల్యాప్‌టాప్ రిపేరుకి ఇచ్చినా, ఎవరైనా పని మానేసినా ఆ ఒక్క కీయో అకౌంటో తీసేస్తే సరిపోతుంది, మిగతా ఇద్దరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. సీప్యానెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాక్సెస్ అనే చోట కీల జాబితా ఉంటుంది. ప్రతి కీకీ మనిషి పేరు, కంప్యూటర్ పేరు కలిపి పెట్టుకోండి.